తాళ్లరేవులో ఒక పలక కొఱకు

కాకినాడకు పోయినవారు సముద్రము చూచెదరు. గొట్టము కాజాలు కొనుక్కొని వచ్చెదరు. మేమును అందులకే పోయితిమి. కాని గత మాఘమాసమున మేమచ్చట నున్న పదిదినములలో ఆఱుదినములు ఒక చెక్కపలక వెంట తిరుగుటతోనే గడచిపోయినవి. ఇట్టి విషయము స్త్రీల పత్రికకు తగునాయని కొందఱు సోదరీమణులు సందేహింపవచ్చును. ఆ పలక మూలమున ఒక యింట మూడు మాసములు తాతకు మనుమని మొగము కనఁబడలేదని చెప్పినచో, వారికి ఆ సందేహము తీరఁగలదు.

మా ఆడపడుచు కాపురము కాకినాడలో. ఆమె మామగారికి గౌతమీ పాయలోని యొక లంకలో కొబ్బరితోట యున్నది. ఆయన తోటను విడిచి రారు. లంకకు పడవ తప్ప వేఱుదారి లేదు. అందుచేత మా అన్నయ్యగారు, అనఁగా ఆడపడుచు భర్త, ఇరువదిరెండడుగుల ఫైబరు పడవ నొకదానిని కొని, దానికి యంత్రము పెట్టించిరి. ఆ పడవ కొనుటకు మా ఆడపడుచు గాజులు కుదువకు పోయినవి. అవి నేఁటికిని తిరిగి రాలేదు; ఆ సంగతి ఆమె యెదుట ఎవరును ఎత్తరు.

పడవ నడపువాని యెదుట యంత్రపు మీటలు, దీపముల స్విచ్చులు, దిక్సూచి, జీ.పీ.యస్. తెర మొదలగునవి అమర్చెడి పలక యొకటి యుండును. దానిని డ్యాష్‌బోర్డు అందురు. ఈ పేరు గుఱ్ఱపుబండ్ల నాటిది. గుఱ్ఱము పరుగెత్తునప్పుడు డెక్కలనుండి యెగయు బురద తోలువానిమీఁద పడకుండ బండి ముందుభాగమున అడ్డముగ కట్టిన పలకకు మొదట ఆ పేరు పెట్టిరి. బండ్లు పోయినవి, బురద పోయినది. పేరు మాత్రము మోటారులకును పడవలకును దక్కినది. మన అన్నయ్యగారి పడవలోని పలక అంగడిలో కొన్న ప్లైవుడ్డుతో చేయించినది. అమ్మినవాఁడు "వాటర్‌ప్రూఫ్" అని ఒట్టుపెట్టుకొని యిచ్చెనఁట.

కార్తికమాసములో ఒక సాయంకాలము వారు పిల్లవానితోను, కొబ్బరికాయల బస్తాలతోను లంకనుండి తిరిగివచ్చుచుండిరి. సన్నగా తుంపర పడుచుండెను. నడియేటికి వచ్చుసరికి ముందు దీపములు ఆరినవి. వెనువెంటనే యంత్రము నిలిచిపోయినది. అది పాటు వేళ. నీరు సముద్రమువైపునకు లాగుచున్నది. చీకటిలో గట్టు తెలియదు. అన్నయ్యగారు లంగరు వేసిరి; అది రెండుసార్లు జాఱి మూఁడవసారి పట్టినది. రెండు గంటల తరువాత వేటనుండి వచ్చుచున్న యొక పడవవారు వీరి కేక విని, త్రాడు కట్టి ఒడ్డునకు లాగికొనివచ్చిరి. మఱునాఁడు పలక విప్పి చూడఁగా చెక్క అప్పడమువలె ఉబ్బి పొరలు విడిపోయి యున్నది. ఆ యుబ్బునకు స్విచ్చులు కదలి తీఁగలు ఊడినవి. ఊడని తీఁగలు పచ్చని చిలుము పట్టి చేతితో తాఁకఁగనే విఱిగినవి.

ఆనాఁటినుండి మా ఆడపడుచు పిల్లవానిని పడవ ఎక్కనీయలేదు. ఆమె అత్తగారు పట్నములో మనుమనియొద్ద చిక్కుపడిరి; మామగారు లంకలో ఒంటరిగ మిగిలిరి. అన్నయ్యగారు కొత్తపలక వేయించెద మన్నప్పుడు ఆమె, "ఈసారి చెక్క నేను చూసి కొంటాను" అన్నదఁట. మేము వెళ్లిన మఱునాఁడే, "వదినా, తాళ్లరేవు పోదాం రా, నువ్వు తోడుంటే మీ అన్నయ్యగారు బేరంలో తొందరపడరు" అని మమ్ము వెంటఁబెట్టుకొని బయలుదేఱినది.

కాకినాడనుండి యానాము పోవు రోడ్డు చాల చక్కనిది. జగన్నాథపురము వంతెన దాఁటిన తరువాత ఇండ్లు పలుచనై ఉప్పుగాలి తగులును. త్రోవలో చొల్లంగి వచ్చును. పుష్యబహుళ అమావాస్యనాఁడు అచ్చట స్నానము చేసి సప్తసాగరయాత్ర మొదలుపెట్టుట మన ప్రాంతపు పెద్దల ఆచారము. మేము పోయినప్పటికి ఆ అమావాస్య గడచి నాలుగుదినములే యయినది. గట్టున పూవులు, అరఁటిదొప్పలు ఇంకను పడియున్నవి. అటుతరువాత ఎడమచేతివైపున మడ అడవి. 1978లో ప్రభుత్వమువారు దీనిని కోరంగి అభయారణ్యముగ ప్రకటించిరి. చూడవచ్చువారికొఱకు చెక్కలతో కాలిబాట వేసియున్నారు. మడచెట్ల వేళ్లు బురదలోనుండి మేకులు నాటినట్లు పైకి నిక్కియుండును. తిల్లచెట్టు పాలు కంటఁబడిన యెడల చూపునకు ముప్పని అచ్చటివారు పిల్లలను హెచ్చరించుట వింటిమి.

కోరంగి యిప్పుడొక చిన్న గ్రామము. ఒకప్పు డది ఓడలు నిలుచు రేవు. ఓడలకు మరమ్మతులు జరిగిన చోటు. 1789లోను, మరల 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని తుడిచిపెట్టినవి. మిగిలినదానిని గోదావరి తెచ్చిన మేట పూడ్చినది. అయినను పేరు మాత్రము సముద్రము దాఁటి బ్రతికినది. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అచ్చటివారు ఏ యూరివారైనను "కోరంగీలు" అనియే పిలిచెడివారు. మనవారు రంగూనుకు పోయిరి. బర్మాటేకు ఇటు వచ్చినది. 1942లో యుద్ధభయముచేత వేలకొలఁది జనము అడవులవెంట కాలినడకను తిరిగివచ్చిరి. మా పుట్టింటిలోఁ గూడ బర్మాటేకు పెట్టె యొకటి యుండెడిది. అందులో మా అమ్మమ్మ పట్టుచీరలు దాఁచెడిది. చిమట ముట్టినట్లు మే మెఱుఁగము.

తాళ్లరేవు చేరునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. అచ్చట చెక్కపడవలు కట్టుట తరతరముల విద్య. నీటియొడ్డున తాటియాకు పందిళ్లక్రింద సగము కట్టిన పడవ యొకటి ప్రక్కటెముకలు కనఁబడునట్లు నిలిచియున్నది. పొట్టు వాసన, గుగ్గిలము వాసన, చేపల వాసన కలిసి ముక్కున కొట్టినవి. ఫైబరుపడవలు వచ్చినతరువాత పని సన్నగిల్లినదని అచ్చటివారు చెప్పిరి. మేము వెదకుచు వచ్చిన మేస్త్రీ డెబ్బదేండ్లవాఁడు. చెవిమీఁద పెన్సిలు, చేతిలో బాడిస. అన్నయ్యగారు తెచ్చిన పాతపలక ముక్కను చేతికిచ్చిరి. ఆయన దానిని గోటితో గీరి, వాసన చూచి, నవ్వెను.

"ఇది బీరువా వెనకాల కొట్టుకొనే చెక్కండి బాబూ. ఇంట్లో ఉంటే పదేళ్లుంటది. పడవెక్కిస్తే పది నెలలు కూడా ఉండదండి."

ప్లైవుడ్డు అనఁగా పలుచని చెక్కపొరలను అడ్డము నిలువుగ పేర్చి జిగురుతో అతికించినది. చెక్క యొకటే యైనను జిగురులో భేద మున్నది. ఇంటిసామానులకు వాడు అగ్గువజిగురు తేమకు కొంత ఓర్చును గాని నీటికి ఓర్వదు. పడవలకు వాడు మెరైన్ ప్లైవుడ్డులో ఫినాలు జిగురు వాడుదురు. మనదేశములో దానికి ఐ.యస్. 710 అను ప్రమాణ మున్నది. ఆ ముద్ర వేయవలెనన్నచో ముక్కను 72 గంటలు మరుగు నీటిలో ఉంచినను పొరలు విడిపోరాదు. ఇది వినఁగనే మా ఆడపడుచు కన్నులు మెఱసినవి. "మేస్త్రీగారూ, రెండు రకాల ముక్కలూ చెరొకటి ఇవ్వండి, ఇంటికి తీసుకెళ్తాను" అన్నది.

ఆమె తలఁచిన దేమో మాకప్పుడు తెలియలేదు.

తరువాత ఆయన టేకు చూపెను. టేకులో సహజముగనే నూనె యున్నది. అందుచేత నీరు త్వరగా ఎక్కదు, పురుగు పట్టదు, ఎండకు వానకు ఎక్కువగ సాగదు, కుంచించుకొనదు. అయితే టేకంతయు టేకు కాదు. మానునడుమనున్న చేవకే ఆ గుణము. వెలుపలి తెల్లచెక్క సాధారణపు కఱ్ఱవలెనే పుచ్చిపోవును. అంగడిలో రంగు పూసి రెంటిని కలిపి యమ్మువా రున్నారు. కావున రంగు వేయకముందే, చిత్రిక పట్టించి చూడవలెను. టేకులో ఇసుకవంటి పదార్థము కూడ నుండుటచేత ఉలి త్వరగా మొద్దుబాఱును. "పూటకి మూడుసార్లు సాన పట్టాలండి, అందుకే కూలి ఎక్కువ అడుగుతాం" అని మేస్త్రీ మాటలలో మాటగా కూలి సంగతియు ముందే చెప్పివేసెను. మఱియొక చిక్కు: ఆ నూనె చేతనే జిగురు పట్టదు. అతుకు వేయుటకు ముందు అసిటోనుతో తుడిచి, ఆఱినవెంటనే అంటింపవలెను.

అన్నయ్యగారికి మొత్తము టేకుతోనే చేయించి, మా అత్తవారింటి పందిరిమంచమువలె తళతళలాడు వార్నీషు పూయింపవలెనని కోరిక. వెల వినఁగా ఆ కోరిక సగము చల్లారినది. అల్యూమినియపు రేకు మాట వచ్చినది. అది తేలిక, కుళ్లదు. కాని ఎండకు పెనమువలె కాలును. దానికి ఇత్తడి మరలు బిగించినచో ఉప్పునీరు తగిలిన చోట అల్యూమినియము తెల్లని పొడియై తినివేయఁబడును. రెండుజాతుల లోహములు ఉప్పునీటిలో తాఁకియుండరాదని మేస్త్రీ చెప్పెను. అక్రిలికు పలక అద్దమువలె అందముగ నుండును గాని, మరబిగింపు కొంచె మెక్కువైన చోటునుండి బీట తీయును. పాలికార్బొనేటు పగులదు, కాని గీతలు పడును. పైపూఁత లేనిచో ఎండకు పసుపుబాఱును.

తుదకు మెరైన్ ప్లైవుడ్డు పలకయు, చుట్టును టేకుచేవ చట్రమును అని నిశ్చయమైనది. పలక దెబ్బతిన్న యెడల చట్రము విప్పకుండ పలకను మాత్రమే మార్చుకొనవచ్చునని మా ఆడపడుచు యోచన. పలకకు క్రింద కీళ్లు పెట్టి, ముందుకు వాల్చి వెనుకనున్న తీఁగలను చూచుకొనునట్లు చేయవలెనని గూడ ఆమెయే చెప్పినది. "పొయ్యి వెనకాల ఎలుక దూరితే పొయ్యి జరిపి చూడమూ? అలాగే" అన్నది. మేస్త్రీ తల యూఁపెను. ఆయన పడవలు కట్టి ఏఁబదేండ్లయినదఁట. పలకకు కీళ్లు అడిగిన గృహిణి ఈమెయే మొదటిదని నవ్వుచు చెప్పెను.

ఇంటికి వచ్చిన మఱునాఁడుదయము మా ఆడపడుచు పాత అన్నపుగిన్నెలో నీరు పోసి పొయ్యిమీఁద పెట్టి, అందులో రెండు చెక్కముక్కలు వేసినది. వాళ్ల అత్తగారు జపమాల త్రిప్పుచు వచ్చి గిన్నెలోనికి తొంగిచూచి, "ఇదేం కూరే అమ్మాయీ?" అనిరి. గంట తిరుగకముందే బీరువాచెక్క పొరలు ఉల్లిపాయవలె విడిపోయి నీటిలో తేలినవి. రెండవ ముక్క మరుగుచునే యున్నది. మధ్యాహ్నము భోజనములైనవి. నీరు ఇంకిన కొలఁది మేము మార్చి మార్చి పోయుచుంటిమి. పెద్దావిడ గంటకొకసారి వచ్చి, "ఇంకా ఉడకలేదా?" అని అడుగుచుండిరి. దీపాలవేళకు పొయ్యి కట్టివేసి ముక్కను తీసి చూచితిమి. అంచులు కొంచెము నల్లనైనవి, ఒక్కపొరయైనను కదలలేదు. మేము పది గంటలే ఉడికించితిమి. డెబ్బదిరెండు గంటలు ఉడికించుటకు గ్యాసు చాలదు గదా. కాని ఆమెకు ఆ పది గంటలు చాలినవి. ఆ రాత్రి భోజనమువేళ ఆమె కార్తికమాసమునాఁటి మాట మొదటిసారి మాతో చెప్పినది. లంగరు రెండవసారి జాఱినప్పుడు పిల్లవానిని తన కొంగుతో నడుమునకు కట్టుకొన్నదఁట. అన్నయ్యగారు తలవంచుకొని వినిరి.

మూఁడవదినమున మరల తాళ్లరేవునకు పోయితిమి. మంచి చెక్క కొన్నంతమాత్రమున పని యైనట్లు కాదని అప్పుడు తెలిసినది. ప్లైవుడ్డు నీరు త్రాగునది ముఖముననుండి కాదు, కోసిన అంచులనుండియు, మరలు దిగిన రంధ్రములనుండియు. స్విచ్చుల కొఱకు కోసిన ప్రతి రంధ్రపు అంచునకును ఎపాక్సీ జిగురును మూఁడుపూఁతలు పూయవలెను. మరకు కావలసినదానికంటె పెద్దరంధ్రము తొలిచి, దానిని ఎపాక్సీతో నింపి, అది గట్టిపడినతరువాత నడుమ చిన్నరంధ్రము తొలువవలెను. అప్పుడు మర దిగునది జిగురులోనికే గాని చెక్కలోనికి కాదు. పాతపలక చేసినవారు ఈ పని యేమియు చేయలేదు. ఎపాక్సీకి ఎండ పడదు. అందుచేత దానిపై ఎండకు ఓర్చు వార్నీషు వేయవలెను.

తీఁగల సంగతి వచ్చినప్పుడు మాకు గొప్ప సంతోషము కలిగినది. ఏలయన అది మన వంటయింటి విద్యయే. ఉత్త రాగితీఁగ ఉప్పుగాలికి చిలుము పట్టునని పడవలకు కళాయి పూసిన రాగితీఁగ వాడవలెనఁట. చింతపండు పులుసు కాచుటకు ఇత్తడిగిన్నెకు కళాయి వేయించిన మనము ఈ మాట యొకరిచేత చెప్పించుకొనవలెనా? మరలు మాత్రము ఇత్తడివి వలదని మేస్త్రీ అనెను. ఉప్పునీటికి ఇత్తడిలోని యశదము కరగిపోయి, మర ఎఱ్ఱబాఱి, పైకి బాగుగ కనఁబడుచునే లోపల గుల్ల యగును. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 అనియు 316 అనియు రెండు తరగతులున్నవి. రెండవదానిలో మాలిబ్డినమను లోహము కలియుటచేత అది ఉప్పునకు బాగుగ ఓర్చును. వెల కొంచె మెక్కువ. అన్నయ్యగారు నోరు తెఱవకముందే మా ఆడపడుచు "అవే ఇవ్వండి" అన్నది.

దిక్సూచి యెచ్చట పెట్టవలెనను విషయమున చిన్న తగవు జరిగినది. పిల్లవాఁడు పలకలో పాటలపెట్టె కావలెనని పట్టుపట్టెను. తండ్రి సరే యనఁబోవుచుండఁగా, మేస్త్రీ దిక్సూచిని బల్లమీఁద పెట్టి, తన తాంబూలపు సంచిలోని యినుప అడకత్తెరను దానిదగ్గఱకు జరిపెను. ముల్లు గిఱ్ఱున తిరిగినది. పిల్లవాని కది గారడీవలె నుండి, పదిసార్లు జరిపి చూచెను. పాటలపెట్టెలోని అయస్కాంతము అడకత్తెరకంటె చెడ్డది. తీఁగలలో విద్యుత్తు పాఱునప్పుడుగూడ ముల్లు కొంత కదలును. అందుచేత పోవు తీఁగను వచ్చు తీఁగను ఒకదానితో నొకటి జడవలె మెలిపెట్టినచో, ఒకదాని ప్రభావము నింకొకటి అణఁచును. జీ.పీ.యస్. ఉండఁగా దిక్సూచి యేల యని అన్నయ్యగారు అడిగిరి. "ఆ రోజు దీపాలారిపోతే అదీ ఆరిపోయిందిగా?" అని భార్య యడిగినది. పాటలపెట్టె వెనుకనున్న బల్లక్రిందికి పోయినది.

ఇఁక తళతళలాడు వార్నీషు. దానిమీఁద అన్నయ్యగారికి ఆశ చావలేదు. మేస్త్రీ మాఱుమాటాడక మెఱుఁగు వార్నీషు పూసిన పలక యొకదానిని పడవ ముందద్దము క్రింద ఎండలో పెట్టి, ఆయనను కూర్చుండి చూడుఁడనెను. అద్దములో పలక నీడ తప్ప ఎదుటి కాలువ కనఁబడలేదు. రాత్రి దీపములు వెలిఁగినప్పుడును అంతియేనఁట. అందుచేత పలకకు బూడిదరంగు, మెఱుఁగులేనిది. చుట్టును టేకు చట్రమునకు మాత్రము ఆయన ముచ్చట కొఱకు కొంచెము నునుపు. ఈ విషయమున మే మాయన పక్షమే వహించితిమి. తోడఁబుట్టువువంటివాఁడు, ఒక్క ముచ్చటయైనను తీరవలదా?

పూఁతలు ఆఱుటకు దినములు పట్టును గనుక మేము పని ముగియకముందే ఇల్లు చేరితిమి. మరల ఉగాదికి పోయితిమి. ఆ యుదయము వేపపూవు పచ్చడి గిన్నెతో పెద్దావిడ ముందు, మేము వెనుక పడవ యెక్కితిమి. మా ఆడపడుచు పిల్లవానిని తనప్రక్కన కూర్చుండఁబెట్టుకొని, పడవ కదలకముందు పలకను తానే వాల్చి, తీఁగలన్నిటిని వ్రేలితో తడవి చూచి, మరల మూసినది. ప్రతిసారియు అట్లే చేయుచున్నదఁట. నడియేటిలో తుంపర లేచి పలక తడిసినది. ఆమె కొంగుతో తుడిచినది. అవతలి గట్టున మామగారు కొబ్బరిచెట్టు క్రింద చేయి నొసటి కడ్డముపెట్టుకొని నిలిచియుండిరి. పిల్లవాఁడు "తాతా!" అని యఱచిన యఱపు యంత్రపుమోఁతకంటె మించినది.

పది గంటలు ఉడికిన చెక్కముక్క యిప్పుడు లంకలోని వంటయింట నున్నది. పెద్దావిడ దానిని వేఁడిగిన్నె దించునప్పుడు క్రింద పెట్టుటకు వాడుచున్నారు.